యాపులలో రకములు – వాడువారి కష్టసుఖములు

పాలకొల్లు అనగానే క్షీరారామలింగేశ్వరుని గాలిగోపురము, దాని వెంట కొబ్బరి వ్యాపారము జ్ఞాపకము వచ్చును. గోదావరి పశ్చిమ డెల్టాలోని ఈ పట్టణములో నేడు కొబ్బరి వర్తకుడు సొమ్ము పుచ్చుకొనుటకు ఒక యాపు తెరచును. రొయ్యల చెరువు రైతు వాన కబురు తెలిసికొనుటకు మరొకటి చూచును. విద్యార్థి పరీక్షా ఫలితమును వెబ్ పేజీలో వెదకును. గృహిణి కరెంటు బిల్లును వాట్సాప్ సందేశముతో కట్టును. అన్నియు ఒకే ఫోనులో, ఒకే గాజుపలక మీద కనబడుచుండుటచేత అన్నియు ఒకే జాతివని తోచును. కాని వీని నిర్మాణము వేరు, పుట్టుక వేరు, వాడువారికి కలుగు సౌఖ్యాసౌఖ్యములును వేరు.

క్రొత్త రకము యాపు వచ్చినప్పుడెల్ల పాతదానికంటె ఇది మేలని ప్రచారము జరుగుట సహజము. చరిత్ర చూచినచో విషయము అంత తేలికగా లేదు. ప్రతి రకమును ఒక బరువును ఒకరి భుజము నుండి దించి మరొకరి భుజముపై పెట్టినది. కావడిలోని బరువు ఒక బుట్ట నుండి రెండవ బుట్టకు మారినట్లే గాని, మోయవలసిన బరువు పూర్తిగా పోయిన సందర్భములు అరుదు. కావున యాపులను పోల్చదలచిన వారు ముందుగా అడుగవలసిన ప్రశ్న ఇది: ఈ రకములో బరువు ఎవరిపై పడినది?

కొలబద్దలు

ఫోనులు లేని కాలముననే ఈ పోలికకు కావలసిన కొలబద్దలు సిద్ధమైనవి. 1952లో హిక్ అను ఆంగ్ల మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఎదుటనున్న ఎంపికల సంఖ్య పెరిగిన కొలది నిర్ణయమునకు పట్టు కాలము సంవర్గమానము ప్రకారము పెరుగునని చూపెను. అనగా ఎంపికలు రెట్టింపైనచో కాలము రెట్టింపు కాదు. ఒక మెట్టు మాత్రము పెరుగును. 1954లో అమెరికాలో పాల్ ఫిట్స్, చేయి ఒక గురిని చేరుటకు పట్టు కాలము ఆ గురి దూరముపైనను, వెడల్పుపైనను ఆధారపడునని కనుగొనెను. గురి చిన్నదై దూరముగా నున్నకొలది కాలము హెచ్చును. 1956లో జార్జ్ మిల్లర్, మనిషి ఒక్కసారిగా మనసులో పట్టుకొనగల అంశములు ఏడు, లేదా దానికి రెండు అటునిటుగా నుండునని వ్రాసెను. 1968లో రాబర్ట్ మిల్లర్ అను మరొక శాస్త్రజ్ఞుడు కంప్యూటరు జవాబు కొరకు మనిషి ఓపిక ఎంతవరకు నిలుచునో పరిశీలించెను. సెకనులో పదవవంతులో వచ్చిన జవాబు తక్షణమే వచ్చినట్లుండును. ఒక సెకను దాటిన ఆలస్యము తెలియును. పది సెకనులు దాటిన మనసు వేరు పనిమీదికి పోవును.

ఎంపిక, తాకిడి, జ్ఞాపకము, నిరీక్షణ – ఇవి నాలుగు కొలబద్దలు. 'వాడుకరి అనుభవము' అను మాట ఇటీవలిది. 1993లో ఆపిల్ సంస్థలో చేరిన డొనాల్డ్ నార్మన్ తన ఉద్యోగపు పేరులోనే ఈ మాటను చేర్చుకొనుటతో అది ప్రచారములోనికి వచ్చినది. 1998లో అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ వాడుక సౌలభ్యమునకు మూడు లక్షణములు చెప్పినది: పని నెరవేరుట, తక్కువ శ్రమతో నెరవేరుట, వాడినవారికి తృప్తి కలుగుట. ఈ మూడును ఫలానా వ్యక్తి, ఫలానా పని, ఫలానా పరిస్థితిని బట్టి చూడవలెనని కూడ ఆ ప్రమాణము చెప్పుచున్నది. ఈ షరతు ముఖ్యమైనది. నగరములో చల్లని గదిలో కూర్చున్నవానికి సుఖమైన యాపు చెరువుగట్టున ఎండలో నిలిచినవానికి సుఖము కాకపోవచ్చును.

యాపునకు ముందు మనిషి

ఆంధ్రదేశములో ప్రభుత్వపు పనులను కంప్యూటరు ద్వారా ప్రజలకు అందించు ప్రయత్నము 1999 డిసెంబరులో హైదరాబాదులో 'ట్విన్స్' అను పేర మొదలై, 2001 ఆగస్టులో ఈ-సేవగా విస్తరించినది. 2002లో పశ్చిమ గోదావరి జిల్లా పల్లెప్రాంతములకు ఈ పద్ధతి వచ్చినది. ఇచ్చటి కేంద్రములను నడుపుటకు మహిళా స్వయంసహాయక సంఘముల సభ్యులను ఎన్నుకొనుట విశేషము. 2011 నవంబరు 4న తిరుపతిలో మీసేవ ఆరంభమైనది.

ఈ పద్ధతిలో రైతుకు కంప్యూటరుతో పనిలేదు. తనకేమి కావలెనో తెలుగులో నోటితో చెప్పును. బల్ల కవతల కూర్చున్న వ్యక్తి దానిని విని, సరియైన పుటను తెరచి, ఇంగ్లీషు గడులు నింపి, రసీదు ఇచ్చును. ఎంపిక బరువు, జ్ఞాపకపు బరువు ఆ ఉద్యోగిపై నున్నవి. రైతు మోసినవి రెండు మాత్రమే: దారి, వరుసలో నిలుచుట. అయినను అక్షరము రానివారికి కూడ పని జరిగినది. తరువాత వచ్చిన యాపులను అంచనా కట్టునప్పుడు ఈ మానవ సహాయమును లెక్కలోనికి తీసికొనకపోవుట పెద్ద పొరపాటగును. 2019 అక్టోబరు 2న ఆరంభమైన గ్రామ సచివాలయములలో డిజిటల్ సహాయకుని నియమించుటలో ఈ అనుభవమే మరల కనబడుచున్నది.

సంకేత సంఖ్యల కాలము

భారతదేశములో మొదటి మొబైలు సంభాషణ 1995 జూలై 31న కలకత్తా, ఢిల్లీల మధ్య జరిగినది. ఆనాటి ఫోనులో యాపు లేదు; మాట, ఆపై చిన్న సందేశము మాత్రము కలవు. సందేశమునకు గల చోటు 1120 బిట్లు. ఇంగ్లీషు అక్షరమునకు 7 బిట్లు చాలును గనుక 160 అక్షరములు పట్టును. తెలుగు లిపికి వాడు యూనికోడ్ పద్ధతిలో ఒక్కొక్క సంకేతమునకు 16 బిట్లు కావలెను గనుక 70 సంకేతములే పట్టును.

'పాలకొల్లు' అను మాటనే చూడుడు. చదువరికి ఇందులో కనబడునవి పా, ల, కొ, ల్లు అను నాలుగు అక్షరములు. యంత్రమునకు మాత్రము పకారము, దీర్ఘము, లకారము, కకారము, ఒత్వము, లకారము, పొల్లు, మరల లకారము, కొమ్ము – మొత్తము తొమ్మిది సంకేతములు. తొమ్మిది పదహార్లు 144 బిట్లు. అదే పేరును ఇంగ్లీషు లిపిలో వ్రాసినను తొమ్మిది అక్షరములే. కాని తొమ్మిది ఏడులు 63 బిట్లతో సరిపోవును. కావున తెలుగు మాటలను ఇంగ్లీషు లిపిలో వ్రాయు అలవాటు బలపడుటలో ఆశ్చర్యము లేదు. సందేశము చౌక అయినది. చదువువాని కంటికి బరువు పెరిగినది.

సందేశముతో పాటు సంకేత సంఖ్యల పద్ధతి కూడ వచ్చినది. నక్షత్రపు గుర్తు, కొన్ని అంకెలు, చివర గడి గుర్తు నొక్కినచో తెరపై వరుస సంఖ్యలతో ఒక పట్టిక కనబడును. కావలసిన సంఖ్య నొక్కుచు ముందుకు సాగవలెను. 2012లో పరిమితముగా మొదలై, 2014 ఆగస్టు 28న దేశమునకు అంకితమైన *99# అను బ్యాంకు సేవ ఈ జాతికి చెందినదే. దీనికి ఇంటర్నెట్టు అక్కరలేదు, ఖరీదైన ఫోను అక్కరలేదు, ఫోనులో చోటును అక్కరలేదు.

ఇన్ని గుణములున్నను ఇది అందరికి ప్రీతిపాత్రము కాలేదు. కారణము జార్జ్ మిల్లర్ కొలబద్దలో కలదు. ఖాతా సంఖ్యతో సొమ్ము పంపదలచినవాడు ఖాతా సంఖ్యతో పాటు బ్యాంకు శాఖ యొక్క 11 అక్షరముల సంకేతమును తప్పులేక నొక్కవలెను. మీటల ఫోనులో ఇంగ్లీషు 'ఎస్' అక్షరము రావలెనన్నచో 7వ మీటను నాలుగుసార్లు నొక్కవలెను. ఆలోచించుచు ఆలస్యము చేసినచో సంబంధము తెగిపోవును. మరల మొదటినుండి రావలెను. ఫోనుపై బరువు లేదు. ఆ బరువంతయు మనిషి జ్ఞాపకముపై పడినది.

ఈ లోపమును గుర్తించియే రిజర్వు బ్యాంకు 2022 మార్చి 8న మీటల ఫోనుల కొరకు 'యూపీఐ 123పే' అను క్రొత్త ఏర్పాటును ప్రారంభించినది. అందులో గొంతు వినిపించు పిలుపు, మిస్డ్ కాల్ మొదలగు మార్గములు చేర్చబడినవి. స్మార్ట్ ఫోను యుగము వచ్చి పదునాలుగేండ్లు గడచిన తరువాత మీటల ఫోనునకు క్రొత్త మార్గము వేయవలసి వచ్చినదనగా, పాత రకము వాడువారు ఎక్కడికిని పోలేదని అర్థము.

బొమ్మలైన అక్షరములు

తెలుగు లిపికి యూనికోడ్ పట్టికలో 1991లోనే స్థానము లభించినది. 3072 నుండి 3199 వరకు గల 128 గడులు తెలుగువి. కాని గడి ఉండుట వేరు, అక్షరము తెరపై సరిగా కనబడుట వేరు. లకారమునకు ఒత్తు క్రిందికి పోవలెను. కొమ్ము ప్రక్కకు అంటవలెను. ఈ కూర్పు చేయు శక్తి ఫోనునకు లేనిచో తెలుగు మాట ఉన్నచోట ఖాళీ చతురస్రములు వరుసగా కనబడును. ఆండ్రాయిడ్ ఫోనులలో తెలుగు, కన్నడ, మలయాళ లిపులకు మద్దతు 2012లో 4.1 అను కూర్పుతో వచ్చినది.

అంతకుముందు తెలుగు చదువుటకు ఒక చిత్రమైన ఉపాయము ఉండెడిది. ఒపేరా మినీ అను వెబ్ చదువరి, క్లిష్టమైన లిపులను తన సర్వరులోనే బొమ్మలుగా గీయించి ఫోనునకు పంపు సదుపాయమును దాచియుంచినది. దానిని ఎరిగినవారు చిన్న ఫోనులలో కూడ తెలుగు చదువగలిగిరి. ఫోను మోయలేని బరువును దూరపు యంత్రము మోసినది. కాని అక్షరము బొమ్మయైన పిదప దానిని ఎత్తి మరొకచోట అతికించుట సాధ్యము కాదు. అక్షరములను బిగ్గరగా చదివి వినిపించు సాధనమునకు బొమ్మలో మాట కనబడదు గనుక చూపులేనివారికి అది ఉపయోగపడదు. ఇక్కడ బరువు ఒకరిని విడిచి మరొకరిని పట్టినది.

ఫోనులో కాపురముండు యాపులు

2007 జూన్ చివర ఐఫోను అమ్మకమునకు వచ్చినప్పుడు ఇతరులు వ్రాసిన యాపులను అందులో స్థాపించుకొను వీలు లేదు. బయటివారు వెబ్ పేజీల రూపముననే యాపులు చేయవలెనని ఆపిల్ చెప్పినది. ఏడాది తిరుగకమునుపే అభిప్రాయము మారినది. 2008 జూలై 10న సుమారు 500 యాపులతో ఆపిల్ అంగడి తెరచినది. అదే సంవత్సరము అక్టోబరులో ఆండ్రాయిడ్ అంగడి వచ్చినది. నాటినుండి 'యాపు' అనగా ఫోనులో స్థాపించుకొనునదే అను భావము స్థిరపడినది.

ఇట్టి యాపు ఫోనులోనే కాపురముండును. దాని పుటలు, బొమ్మలు, మీటలు ముందే ఫోనులో చేరియుండును గనుక ప్రతిసారి వానిని తెచ్చుకొనవలసిన పని లేదు. సెకనుకు 100 కిలోబిట్లు మాత్రమే నడచు సన్నని దారిలో ఒక మెగాబైటు వెబ్ పేజీ రావలెనన్నచో 80 సెకనులు పట్టును. స్థాపిత యాపు అదే విషయమునకు 5 కిలోబైట్ల సమాచారము మాత్రము తెప్పించుకొన్నచో సెకనులో సగము కూడ పట్టదు. మొదటిది పది సెకనుల ఓపిక హద్దును ఎప్పుడో దాటినది; రెండవది ఒక సెకను లోపలనే ఉన్నది. కెమేరాను, స్థాననిర్ణయ పరికరమును స్వేచ్ఛగా వాడుకొనుట ఈ రకమునకు మరొక బలము. భారత వాతావరణ శాఖ, ఇతర సంస్థలతో కలిసి 2019లో రైతులకై విడుదల చేసిన 'మేఘదూత్' ఇట్టి స్థాపిత యాపు. జిల్లాను బట్టి పంటల సలహాను ప్రాంతీయ భాషలలో ఇచ్చుట దాని పని.

ఇక బరువు సంగతి. స్థాపిత యాపు ఫోనులో చోటు కోరును. తరచు క్రొత్త కూర్పులు తెచ్చుకొమ్మని అడుగును. సంవత్సరమున కొకసారి వాడు పనికి గూడ శాశ్వతముగా చోటు ఇయ్యవలెను. పాత ఫోను, తక్కువ నిలువ గలవాడు ఒక యాపు కొరకు పిల్లల ఫొటోలు తుడిచివేయవలసి వచ్చును. చేసినవారికిని శ్రమయే: ఆండ్రాయిడ్‌కు ఒకటి, ఐఫోనునకు ఒకటి, ఒకే యాపును రెండుసార్లు వ్రాయవలెను.

తాకుతెర విషయములో ఒక భౌతికశాస్త్ర సత్యము కలదు. గాజు క్రింద సన్నని విద్యుత్ క్షేత్రముండును. విద్యుద్వాహకమైన వ్రేలు తగిలినచోట ధారకత మారును. ఆ మార్పును బట్టి ఫోను స్థానము తెలిసికొనును. నీరు కూడ ఈ క్షేత్రమును మార్చును. చెరువులో దిగి వచ్చిన రైతు తడిచేతితో తాకినచో ఫోను ఒక నీటిబొట్టును వ్రేలని పొరబడవచ్చును. పైగా ఎండ తెరపై పడినచో చిన్న మీటలు కనబడవు. ఫిట్స్ సూత్రము ప్రకారము వెడల్పైన మీటలున్న యాపు ఇట్టిచోట మేలు. అందమునకై ముచ్చటగా చేసిన చిన్న గుర్తులు కీడు. పాత మీటల ఫోనులో ఈ చిక్కు లేదు.

వెబ్ యాపు, మిశ్రమ యాపు

స్థాపనతో పనిలేక చిరునామా తెరచినంతనే పనిచేయునది వెబ్ యాపు. చోటు అడుగదు, ఎల్లప్పుడు తాజాగానే యుండును. ఒకమారు వ్రాసినచో అన్ని ఫోనులలోను నడుచును. ఇందులో బరువు దారిమీద, అనగా ఇంటర్నెట్టుమీద పడును. దారి తెగినచో యాపు లేదు.

ఈ రెంటి మేలులను కలుపవలెనను కోరికతో మిశ్రమ యాపులు పుట్టినవి. పైకి స్థాపిత యాపువలె కనబడి లోపల వెబ్ పేజీలను చూపుట వీని లక్షణము. 2008లో ఆరంభమైన ఫోన్‌గ్యాప్ అను సాధనము దీనికి దారి వేసినది. చేయువారి శ్రమ సగమైనది గాని, నాటి ఫోనులలో వేగము చాలక పుటలు తడబడుచు కదలెడివి. ఫేస్‌బుక్ సంస్థ తన ఐఫోను యాపును ఇట్లే చేసి, 2012 ఆగస్టులో దానిని విడిచి స్థాపిత పద్ధతికి మారినది. వెబ్ పద్ధతిని అతిగా నమ్ముట తమ పొరపాటని ఆ సంస్థాధిపతి బహిరంగముగా ఒప్పుకొనెను. అదే సంస్థ 2015లో వెలువరించిన రియాక్ట్ నేటివ్, 2018 డిసెంబరులో గూగుల్ పూర్తిరూపమున ఇచ్చిన ఫ్లట్టర్, ఒకేసారి వ్రాసి రెండు రకముల ఫోనులలోను స్థాపిత యాపునకు సమీపమైన వేగము పొందు మార్గమును చూపినవి.

భారతదేశములో జరిగిన ఒక ప్రయోగము బోధప్రదము. 2015 మే నెలలో మింత్రా అను వస్త్రవ్యాపార సంస్థ తన వెబ్ సైటును మూసివేసి, కొనువారందరు యాపునే వాడవలెనని నిర్ణయించినది. పెద్ద తెరపై బట్టల రంగు, నేత చూచి కొనుటకు అలవాటుపడినవారు కలరు గదా! 2016 జూనులో ఆ సంస్థ కంప్యూటరు సైటును తిరిగి తెరచినది. దాని మాతృసంస్థయైన ఫ్లిప్‌కార్ట్ 2015 నవంబరులో 'ఫ్లిప్‌కార్ట్ లైట్' అను క్రొత్త తరహా వెబ్ యాపును తెచ్చినది. ఇది ఒకసారి తెరచిన పుటల నకలును ఫోనులోనే కొంత దాచుకొని, దారి సన్నగిలినప్పుడు దానినే చూపును. ఆ ఏడాదియే అలెక్స్ రస్సెల్, ఫ్రాన్సిస్ బెరిమన్ అనువారు ఇట్టివానికి 'ప్రగతిశీల వెబ్ యాపులు' అను అర్థమిచ్చు పేరు పెట్టిరి. ఒకే రకము అందరికి సరిపోవునను ఊహ ఇట్లు అనుభవములో వీగిపోయినది.

ఒక తెలుగు అక్షరము చేసిన పని

యాపుల రకములు ఎన్ని యున్నను వాని క్రింద ఒకే పునాది కలదని 2018 ఫిబ్రవరిలో ప్రపంచమునకు తెలిసివచ్చినది. అది తెలిపినది ఒక తెలుగు అక్షరము. 'విజ్ఞానము' అను మాటలోని 'జ్ఞా' అక్షరమును ఒక ప్రత్యేకమైన కూర్పులో – జకారము, పొల్లు, ఞకారము, కంటికి కనబడని ఒక విడదీత సంకేతము, దీర్ఘము, ఈ ఐదును వరుసగా – ఐఫోనునకు పంపినచో, దానిని చూపబోయిన యాపు మూతపడెడిది. సందేశముల యాపు, వాట్సాప్, జీమెయిల్, వెబ్ పేజీలు చూపు సఫారి – అన్నియు ఈ దెబ్బ తినినవి.

కారణము స్పష్టము. యాపు స్థాపితమైనను, వెబ్ అయినను, అక్షరములను కూర్చి గీయు పనిని సామాన్యముగా ఫోనులోని మూల వ్యవస్థకే అప్పగించును. లోపము ఆ వ్యవస్థలో నున్నది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న 11.2.6 అను దిద్దుబాటును విడుదల చేసి దీనిని సరిచేసినది. పత్రికలు కొన్ని దీనిని ప్రమాదకరమైన తెలుగు అక్షరమని వర్ణించినవి గాని, దోషము అక్షరమునది కాదు. కోట్లమంది వ్రాయు లిపిలో సాధ్యమైన ఒక కూర్పు పరీక్షకు రాకయే బయటికి వచ్చినది. చేసినవారు మోయవలసిన పరీక్షా భారము వాడువారిపై పడినది. యాపులను పోల్చువారు తెలుగులో పోల్చవలెననుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు. ఇంగ్లీషులో చేసిన పరీక్షలో ఈ లోపము ఎన్నటికిని కనబడియుండదు.

టవరు అందని చోట

పాలకొల్లుకు దక్షిణముగా నర్సాపురము, వశిష్ఠ గోదావరి ఆవలి ఒడ్డున అంతర్వేది, ఆపై సముద్రము. తీరము నుండి పది పండ్రెండు కిలోమీటర్లు దాటినచో సాధారణముగా మొబైలు సంకేతము అందదు. అక్కడ ఏ యాపు మేలను చర్చయే నిరర్థకము. 2017 చివర ఓఖి తుపాను వచ్చినప్పుడు, అప్పటికే లోతుసముద్రములో నున్న కేరళ, తమిళనాడు జాలరులకు హెచ్చరిక చేరలేదు. దాని తరువాత హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రము, ఇతర సంస్థల సహాయముతో 'జెమినీ' అను చిన్న పెట్టెను రూపొందించినది. 2019 అక్టోబరు 9న అది విడుదలైనది. పెట్టె ఉపగ్రహము నుండి తుపాను హెచ్చరికను, చేపలు దొరకు చోటుల సమాచారమును గ్రహించి, దగ్గరి ఫోనులోని యాపునకు బ్లూటూత్ ద్వారా అందించును.

ఇక్కడ యాపు అందము, మీటల అమరిక ద్వితీయము. కబురు చేరుటయే ప్రథమము. అయితే మొదట విడుదలైన ఈ ఏర్పాటు ఏకముఖమైనది. జాలరి వినగలడు, తిరిగి చెప్పలేడు. పెట్టె కొనుగోలు, దాని సంరక్షణ అను క్రొత్త బరువులు పడవవానికి చేరినవి. ప్రాణముతో పోల్చినచో ఆ బరువు తక్కువయే గాని లెక్కకు రావలసినదే.

సంభాషణ రూపము

చివరిగా వచ్చిన రకము, ఇదివరకే ఫోనులో నున్న యాపు లోపలనే పని జరిపించునది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025 జనవరి 30న 'మన మిత్ర' అను పేర వాట్సాప్ ద్వారా 161 సేవలను ఆరంభించినది. తరువాత సేవల సంఖ్య పెరిగినది. ఒక సంఖ్యకు పలుకరింపు పంపినచో జాబితా వచ్చును. అందులో ఎన్నుకొనుచు పోవలెను. క్రొత్త యాపు స్థాపించుకొననక్కరలేదు. మనుమనితో మాటలాడు యాపులోనే బిల్లు కట్టవచ్చుననుట పెద్దలకు ధైర్యమిచ్చును.

పరిశీలించినచో ఇది పాత సంకేత సంఖ్యల పద్ధతికి దగ్గరి చుట్టము. రెంటను జాబితా వచ్చును, ఒకటి ఎన్నుకొనవలెను. భేదమేమనగా, వాట్సాప్‌లో పాత సంభాషణ అంతయు తెరపై నిలిచియుండును. జ్ఞాపకపు బరువు తగ్గినది. ఆలస్యము చేసినను మొత్తము కథ మొదటికి రాదు. కాని ఎంపిక బరువు పెరిగినది. హిక్ సూత్రము చెప్పిన మేలు ముందే ఎరిగిన జాబితాలకే వర్తించును. తెలియని జాబితాలో ఒక్కొక్క పంక్తి చదువక తప్పదు. వందకు మించిన సేవలలో తన పని ఏ శాఖ క్రింద నున్నదో రైతు ఊహించవలెను. మీసేవ బల్ల కవతలి మనిషి చేసిన ఆ పని ఇప్పుడు రైతు చేయుచున్నాడు. ప్రభుత్వసేవకు దారి ఒక ప్రైవేటు సంస్థ వాకిలి గుండ పోవుటయు ఆలోచింపదగిన విషయమే.

పోల్చుట ఎట్లు

రకములను పోల్చునప్పుడు పనుల స్వభావమును గమనింపవలెను. ఆట యాపులో పిల్లవాడు ఎక్కువసేపు ఉండుట చేసినవారికి విజయము. బిల్లు యాపులో ఎక్కువసేపు ఉండుట లోపము. ఈ రెంటిని ఒకే కొలబద్దతో కొలిచినచో అర్థము లేదు. ఒకే పనిని వేరువేరు రకములలో చేయించి చూచుటయే న్యాయమైన పోలిక.

ఉన్నత పాఠశాలలలో దీనిని ఖర్చులేని ప్రయోగముగా చేయవచ్చును. ఊరి సెలవుల పట్టిక గాని, రేపటి వాన కబురు గాని తెలిసికొను పనిని ఎన్నుకొనవలెను. దానిని స్థాపిత యాపులో, వెబ్ పేజీలో, వాట్సాప్‌లో, మనిషికి ఫోను చేసి అడుగుటలో – నాలుగు విధముల చేయించవలెను. ఐదారుగురు పెద్దలను, వారి అనుమతితో, వారి ఫోనులతోనే, వారు సాధారణముగా పనిచేయు చోటనే పరీక్షించవలెను. వరుసను ఒక్కొక్కరికి మార్చవలెను. లేనిచో మొదటిదానిలో నేర్చినది రెండవదానికి లాభమగును. పట్టిన సెకనులు, నొక్కిన నొక్కులు, జరిగిన తప్పులు, పక్కవారిని అడిగిన సార్లు వేరువేరుగా వ్రాయవలెను. డబ్బు చెల్లించు పనులను, రహస్య సంఖ్యలను ఈ ప్రయోగములోనికి రానీయరాదు.

తృప్తిని కొలుచుటకు 1986లో జాన్ బ్రూక్ కూర్చిన పది వాక్యముల పద్ధతి ప్రసిద్ధము. ప్రతి వాక్యముతో ఎంతవరకు ఏకీభవింతురో 1 నుండి 5 వరకు అంకెతో చెప్పవలెను. బేసి వాక్యముల అంకె నుండి 1 తీసివేసి, సరి వాక్యముల అంకెను 5 నుండి తీసివేసి, అన్నింటిని కూడి 2.5తో హెచ్చించినచో 0 నుండి 100 లోపల ఒక సంఖ్య వచ్చును. సరి వాక్యములు నిందారూపమున ఉండుటచేత తెలుగులో వానిని సూటిగా వ్రాయవలెను. 'కష్టము కాదని అనుకొనుట లేదు' వంటి వాక్యము పెట్టినచో కొలుచునది యాపును గాక వ్యాకరణ జ్ఞానమును.

ఫలితముల ప్రక్కన ఒక గడి అదనముగా గీయవలెను. ఆ పనిలో జ్ఞాపకపు బరువు, ఎంపిక బరువు, నిరీక్షణ బరువు ఎవరు మోసిరో అందులో వ్రాయవలెను – వాడినవారా, ఫోనా, దూరపు సర్వరా, పక్కన కూర్చున్న మనుమరాలా? 'పక్కవారిని అడిగిన సార్లు' అను గడిలో పెద్ద అంకె పడిన యాపు, ఎంత వేగముగా తెరచుకొన్నను, ఆ ఊరిలో ఒంటరిగా పనిచేయుట లేదని తెలియును. డెల్టాలోని ఒక తరగతి ఇట్లు వ్రాసిన పట్టిక, యాపులు చేయువారికి పంపదగిన సమాచారము. 'జ్ఞా' వంటి లోపము మరొకటి ఉన్నచో ముందుగా బయటపడుటకు తెలుగులో వాడి చూచినవారి పట్టికలే ఆధారము.